ట్రిగ్గర్‌లో నాలుగు మిల్లీమీటర్లు

1999 సెప్టెంబరు. సిడ్నీ పశ్చిమాన, బ్లాక్‌టౌన్ దగ్గర ఒక తుపాకుల వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. పోటీల్లో వాడే పిస్టళ్లను బాగుచేయడం, ముఖ్యంగా వాటి ట్రిగ్గర్లను సరిచేయడం నా పని. ఏడాదిలో ఒలింపిక్స్ ఉండటంతో మామూలు క్లబ్బుల్లోనూ సందడి పెరిగింది.

ఒక శనివారం షబానా వచ్చింది. కర్నూలు మనిషి, ముప్పై దాటి ఉంటాయి. ఒక బ్యాంకులో వై2కె టెస్టర్. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పకుండా ప్రోగ్రాములను పరీక్షించే ఉద్యోగం. లైసెన్సు చూపించి పిస్టల్ పెట్టె బల్ల మీద పెట్టింది.

"స్లో ఫైర్‌లో బాగనే పడతాయి అంకుల్. ర్యాపిడ్ వచ్చేసరికి అన్నీ కిందికి, ఎడమకు పోతాయి. ఐదు వారాల్లో స్టేట్ టీమ్ సెలక్షన్. నలుగుర్నే తీసుకుంటారు. లాస్ట్ ఇయర్ నేను ఫిఫ్త్. ట్రిగ్గర్ లైట్ చేసియ్యండి, చాలు."

స్లో ఫైర్‌లో నిదానంగా గురి చూసుకోవచ్చు. ర్యాపిడ్ అంటే మూడు సెకన్లలో చేయి ఎత్తి, గురి చూసి కాల్చాలి. ఆ తొందరలో వేలు చేసే తప్పు గుండుకు తెలిసిపోతుంది.

పిస్టల్‌తో వచ్చిన ట్రిగ్గర్ తీసేసి వేరే కంపెనీ చేసినది బిగిస్తే దాన్ని ఆఫ్టర్‌మార్కెట్ ట్రిగ్గర్ అంటాం. ఆమె పిస్టల్‌కు సరిపడేవి మా దగ్గర రెండు రకాలున్నాయి. ఒకటి సర్దడానికి వీల్లేనిది. రెండోదాన్ని స్క్రూలతో అన్నివైపులా సర్దుకోవచ్చు. స్క్రూలు ఎన్ని ఎక్కువుంటే నాబోటివాడికి అంత సంబరం. రెండోదే ఎంచాను.

ఒక్క పూటలో మూడు మార్పులు చేశాను. బరువు తగ్గించాను. ట్రిగ్గర్‌కు కిలో తూకం వేలాడదీసి ఎత్తినా అది జారకూడదని పోటీ నియమం. సరిగ్గా ఆ అంచుకు తెచ్చాను. గుండు వదిలాక ట్రిగ్గర్ వెనక్కి పోయే దూరాన్ని ఓవర్‌ట్రావెల్ అంటాం. దాన్ని దాదాపు లేకుండా చేశాను. వేలు ఆనే రేకును ముందుకు జరిపి, నొక్కి చూసుకుని మురిసిపోయాను. గాజు పుల్ల విరిగినట్టు టక్కున వదిలింది.

వారం తిరక్కుండా ఆమె మళ్లీ వచ్చింది. గురి ఇంకా చెడింది.

"ఏమేం మార్చినారు అంకుల్?"

చెప్పాను. ఆమె నవ్వింది. "మూడూ ఒకేసారా! మా టీమ్‌లో ఇట్ల చేసినోడ్ని మళ్లీ కీబోర్డ్ ముట్టుకోనియ్యరు. ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఎట్ల తెలుస్తాది?"

ఇన్నేళ్లలో ఎవరూ నన్నిలా అడగలేదు.

"అన్నీ ఫ్యాక్టరీ సెట్టింగ్‌కు తెచ్చేయండి. వారానికి ఒక్కటే మార్చండి. ఏం మార్చినారో మీ పుస్తకంలో రాసుకోండి, నాకు చెప్పొద్దు. చెప్తే నా వేలికి ముందే తెలిసిపోతాది."

ఆ పద్ధతి నాకు కొత్త. సరేనన్నాను. కొత్త ట్రిగ్గర్‌నే ఉంచి, బరువు, ఓవర్‌ట్రావెల్, రేకు మూడింటినీ పాత కొలతలకు తెచ్చాను. మొదటి వారం ఆమె చేతిని గమనించాను. చిన్న చేయి. వేలి కొస మాత్రమే రేకుకు అందుతోంది. ఆ కొస ట్రిగ్గర్‌ను వెనక్కి లాగడం లేదు, పక్కకు నెడుతోంది. నేనేమో నా వేలికి హాయిగా ఉందని రేకును ఇంకా దూరం జరిపాను!

దాన్ని నాలుగు మిల్లీమీటర్లు వెనక్కి, ఆమె చేతివైపుకు తెచ్చాను. ఆ ఒక్కటే.

మరుసటి శనివారం రేంజిలో కాల్చి వచ్చింది. ర్యాపిడ్‌లో గుళ్లన్నీ మధ్యన గుమిగూడాయి. "ఈసారి వెయిట్ తగ్గించినారు కదా? ఎంత లైట్‌గుంది!"

ఆమె మాటను పుస్తకంలో రాసుకున్నాను. బరువు పన్నెండొందల యాభై గ్రాముల దగ్గరే ఉంది, అంటే నియమం కన్నా పావుకిలో ఎక్కువ. తర్వాతి వారం నిజంగానే బరువు తగ్గించాను. గుళ్లు చెదిరాయి. "ఇదేంది, బరువు పెంచినారా?" అంది. మళ్లీ పాత బరువుకే తెచ్చాను.

ఎంపిక రోజు నేనూ వెళ్లాను. పరికరాల తనిఖీ దగ్గర పెద్దాయన కిలో తూకం ఎత్తి చూసి, ట్రిగ్గర్ నొక్కి, ఇక్కడి పెద్దవాళ్లు ఆడపిల్లల్ని పిలిచే తీరులో అన్నాడు: "ఇట్స్ ఎ హెవీ వన్, లవ్!"

షబానా గిరుక్కున నా వైపు తిరిగింది. "హెవీనా? ఎంతుంది అంకుల్?"

పోటీకి ఇంకా అరగంట ఉంది. అబద్ధం చెప్పలేను. "పన్నెండొందల యాభై. గుళ్లు చెదిరిన ఆ ఒక్క వారమే తగ్గించాను."

"అందరివీ కిలో దగ్గరే ఉంటాయి. ఇప్పుడు తగ్గించగలరా?"

"ఐదు నిమిషాల పని. చేయమంటే చేస్తాను. నీ స్కోర్లు నీ దగ్గరే ఉన్నాయి, చూసుకో తల్లీ."

ఆమె నోట్‌బుక్ తెరిచింది. వేలితో గీతలు వెతికింది. గుళ్లు చెదిరిన వారం పేజీ దగ్గర వేలు ఆగింది.

"వద్దు," అని లైన్ మీదికి వెళ్లింది.

ర్యాపిడ్ మొదటి ఐదు గుళ్లలో రెండు ఎడమకు పోయాయి. ఆ బరువు ఇప్పుడామె మనసులో ఉంది. తర్వాత వేలు కుదుటపడింది. పోటీ ముగిసేసరికి నాలుగో స్థానం. ఐదో ఆమె కన్నా రెండు పాయింట్లు ఎక్కువ.

మంచి ట్రిగ్గర్ అంటే నా వేలికి నచ్చినదని చాలాకాలం నమ్మాను. కొన్నవాళ్లూ నా మాటే నమ్మేవారు. ఆ ఏడాది నుంచి ఎవరు వచ్చినా పనిముట్టు తీయకముందు ఖాళీ పిస్టల్ వాళ్ల చేతికిచ్చి, వేలు ఎక్కడ ఆనుతుందో చూస్తున్నాను. బరువు ఎంత కావాలని ఆ తర్వాతే అడుగుతాను. చాలామంది విషయంలో ఆ ప్రశ్న అవసరమే రాలేదు.