వంగుతుందన్న వెండి

మా అమ్మాయి పదో తరగతి సైన్సు పుస్తకం తెరిస్తే గుప్పున వచ్చే కొత్త కాగితం వాసన నాకు ఇష్టమే కానీ, అందులో ‘రసాయన బంధం’ పాఠం వచ్చిందంటే మాత్రం గుండెల్లో రాయి పడుతుంది. "అమ్మా, ఇది జర చెప్పవా" అంటే వంటింట్లో పనుందని తప్పించుకుంటాను. పరమాణువులు ఎట్లా అతుక్కుంటాయో నాకు తెలియదని కాదు. తెలిసిందంతా మా బాపమ్మ కాలి దగ్గర కలగాపులగమైపోయింది, ఇప్పటికీ తేరలేదు.

మాది మంథని అవతల గోదారి ఒడ్డు పల్లె. వానలు వెనకబట్టి, వరి పొట్టకొచ్చి, గట్లమీద గునుగూ తంగేడూ విరగబూసి, ఇంటెనక మక్క కంకులు కాలుతున్న పొగా, బతుకమ్మ సత్తుపిండి కోసం మా అవ్వ, అంటే అమ్మ, పెసర్లు వేయించే కమ్మటి వాసనా ఒకదాన్నొకటి తోసుకుంటూ వాకిట్లోకి వచ్చే రోజుల్లోనే మా సైన్సు సారు దొడ్డుప్పు పలుకు ఒకటి, రాగి తీగ ముక్క ఒకటి బల్లమీద పెట్టి సుత్తితో కొట్టాడు. ఉప్పు పొడైపోయింది. తీగ మాత్రం అణిగి రేకులా సాగింది.

"ఉప్పుల సోడియం ఒక ఎలక్ట్రాను ఇస్తది, క్లోరిన్ తీసుకుంటది. ప్లస్సు పక్కన మైనస్సు, వరుసగ కూసుంటయి. దెబ్బ కొడితే వరుస జరిగి ప్లస్సు ముంగటికి ప్లస్సే వస్తది. ఇగ పడదు, పలుగుతది. లోహంల గట్ల కాదు. ఎలక్ట్రాన్లు ఒక్కరియి కావు, అందరియి. వరుస జరిగినా పట్టు ఇడువయి. అందుకే వంగుతది" అన్నాడు సారు.

నాకు తల తిరిగిపోయింది. నీళ్లలో వేస్తే భగ్గుమనే సోడియమూ, పీలిస్తే ప్రాణం తీసే క్లోరినూ కలిసి మా పప్పులో పడుతున్నాయా? పెన్సిల్ ముల్లూ, వజ్రమూ రెండూ కర్బనమేనట, చేతులు పట్టుకున్న తీరు వేరైతే ఒకటి వేళ్లకు మసి పూస్తుందట, ఒకటి అద్దాన్ని కోస్తుందట! అన్నిటికన్నా పెద్ద పరేషాన్ ఏమిటంటే, ఏ ఒక్కరిదీ కానిదే గట్టిగా పట్టుకుంటుందనడం. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని ఇంట్లో రోజూ వినేదాన్ని. పక్కింటివాళ్లకూ మాకూ ఉమ్మడిగా ఉన్న బావిలో పూడిక తీసే దిక్కు లేక కప్పలు కాపురం పెట్టాయి. మరి సారు చెప్పేదేమిటి?

పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాడు, బాపమ్మ పూల చాటతో పాచిపట్టిన గడపరాయిమీద జారి పడింది. తెల్లారేసరికి కాలు సొరకాయంత అయింది. పెళ్లినాడు తొడిగిన బొటనవేలంత లావు వెండి కడియం ఆ వాపులో కూరుకుపోయింది. వేళ్లు నీలమెక్కాయి. మంథని నుంచి వచ్చిన డాక్టరు, ఇవాళే కడియం కోసి తియ్యకపోతే కాలు దక్కదన్నాడు.

"మీ తాత బతికుండంగ నా కాలి కడియం కోస్తరా? పెనిమిటి పోయినంక తీసేది గది. కాలు పోతే పోనియ్యి" అంది బాపమ్మ. మా బాపు తల్లికి దండం పెట్టాడు, అవ్వ ఏడ్చింది, తాత అరుగుమీద తల వంచుకుని కూర్చున్నాడు. ఎవరు చెప్పినా వినదే!

అప్పుడు నేను ముందుకొచ్చాను. "బాపమ్మా, కొయ్యద్దు. వెండి లోహం. వంగుతది గాని పలగది. కడియం నోరు జర తెరిచి వదులు చేసి, వాపు తగ్గినంక మళ్ల మూయచ్చు. సారు చెప్పిండు."

కడియం కొయ్యడానికి పిలిపించిన అవుసులాయన, మా ఊరి ముసలి కంసాలి, కూడా తలూపాడు. "పిల్ల మాట నిజమే. ఈమెకు ప్రతి కాన్పుల కాళ్లు వాసినప్పుడు కాలికుండంగనే నేనే కదా తెరిచింది, వాపు తగ్గినంక నేనే కదా మూసింది."

బాపమ్మ నా చెయ్యి పట్టుకుంది. "సదువుకున్నదానివి. నీ మాట మీద కాలు ఇస్తున్న బిడ్డా" అంది.

రెండు పటకార్లకు గుడ్డ చుట్టి అవుసులాయన మెల్లగా లాగాడు. నోరు కొంచెం విచ్చుకుంది. ఇంకొంచెం. అంతలో టప్‌మని కడియం రెండు ముక్కలైంది.

నీలం విరిగి వేళ్లకు నెమ్మదిగా రంగు వస్తుంటే మేమంతా కాలినే చూస్తున్నాం. బాపమ్మ మాత్రం తాత రొమ్ము వైపు చూస్తోంది, ఊపిరి ఆడుతోందా లేదా అని.

"నేనీడనే ఉన్న కదనే. నువ్వు కాలు చూస్కో" అన్నాడు తాత.

బడికి ఉరికి సారును నిలదీశాను. వంచినప్పుడల్లా లోపలి వరుసలు చిక్కుపడి గట్టిపడతాయట. గట్టిపడి గట్టిపడి చివరికి పలుగుతాయట. నడుమనడుమ నిప్పులో కాలిస్తేనే మళ్లీ మెత్తబడతాయట. కాలినుంచి ఒక్కనాడూ తియ్యనిదాన్ని నిప్పులో ఎట్లా పెడతారు?

"మొన్ననే ఎందుకు చెప్పలే సార్?"

"గది మన పుస్తకంల లేదు బిడ్డా."

మండిపోయింది నాకు. తాత చల్లగా ఉండాలని బాపమ్మ కడియం తియ్యలేదు. తియ్యలేదు కాబట్టే అది పలిగింది. అంటే తప్పు వెండిదా, పాఠానిదా, బాపమ్మ ప్రేమదా?

ఆ బతుకమ్మ తొమ్మిది రోజులూ బాపమ్మ మంచం దిగలేదు. ఊరంతా ఆడుతూ పాడుతూ ఉంటే ఆమె మాత్రం ఉండుండి కేకేసేది. "ఇగో, ఉన్నవా?" కొట్టంలోంచి తాత, "ఆ, ఉన్ననే." అన్నం తింటూ, "ఉన్ననే." కాలు బాగై నడిచినా ఆ పిలుపు ఆగలేదు. ఏళ్లకేళ్లు అట్లాగే నడిచింది.

ఇప్పుడు మా ఊళ్లో కడియాల కాళ్లు లేవు. అవుసులాయన కొలిమి ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. సత్తుపిండి ప్యాకెట్లలో వస్తోంది. ఏ బంధం ఎందుకు నిలుస్తుందో, ఏది ఎందుకు పలుగుతుందో మా అమ్మాయికి ఏమని చెప్పను? ముందు పోయింది బాపమ్మే, పసుపుకుంకుమలతో. తరువాత చాలా రోజులు, కొట్టంలో గడ్డి వేస్తూ వేస్తూ తాత ఉన్నట్టుండి ఆగి, ఇంటివైపు తిరిగి, ఎవరూ పిలవకుండానే, "ఆ, ఉన్ననే" అనేవాడు.