కొత్త గొంతుల్లో చివరి పేరు

పోయిన శనివారం లైబ్రరీ నుంచి మెయిల్ వచ్చింది. మా తెలుగు పత్రిక పాత సంచికల్ని ఏళ్ళ తరబడి ఎవరూ చెకౌట్ చేయలేదట, షెల్ఫు ఖాళీ చేస్తున్నారట, కావాలంటే వచ్చి పట్టుకుపొమ్మన్నారు. రెండు అట్టపెట్టెలు కార్లో వేసుకొచ్చాను. ఒకప్పుడు మా ఊరు ట్రాయ్‌లో నా పేరు చెబితే ఆ పత్రికే గుర్తొచ్చేది. సంపాదకురాలిని నేనే, ప్రూఫులు దిద్దేదాన్ని నేనే, మూణ్ణెల్లకోసారి లైబ్రరీ మీటింగ్ రూములో జరిగే సభలో మైకు వదలనిదాన్నీ నేనే. పైనున్న సంచికలో సభ ఫొటో ఒకటి కనిపించింది. ముందు వరసలో మా వదినవాళ్ళమ్మ, పట్టుచీర మీద స్వెట్టర్ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పేరుకి అవి కొత్త రచయితల కోసం పెట్టిన సభలు. 'కొత్త గొంతులు' అని బ్యానర్ కూడా కట్టేవాళ్ళం. కానీ మనవాళ్ళ సభ అన్నాక ప్రార్థన ఉండాలి, దీపం ఉండాలి. లైబ్రరీలో అగ్గిపుల్ల గీయనివ్వరు గనక బ్యాటరీ దీపం తెచ్చేవాళ్ళం, దాన్నే ఐదుగురు పెద్దలు ఐదుసార్లు వెలిగించేవారు. తర్వాత ముఖ్య అతిథి, శాలువాలు, ఫొటోలు, సమోసాలు. ఇవన్నీ పోగా మిగిలిన వేళ కొత్తవాళ్ళది. ఐదింటికి లైబ్రరీ మూసేస్తారు. జాబితాలో చివరి పేరు ఎవరిదైతే వాళ్ళ పని గోవిందా. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

మా వదిన, అంటే అన్నయ్య భార్య, డేకేర్‌లో పనిచేసేది. ఆవిడ రాస్తుందని మాకెవరికీ తెలియదు. కుట్టుమిషను మీద ముగ్గురు పిల్లల్ని పెంచిన వాళ్ళమ్మ మీద ఒక కథ రాసి, సభకి పనికొస్తుందేమో చూడమని నాకిచ్చింది. ఆరునెలలు ఉండి వెళ్దామని వచ్చిన ఆ అమ్మకి అక్షరమ్ముక్క రాదు. సభ అయిన బుధవారమే తిరుగు ఫ్లైటు. "ఇంట్లో చదివితే కూర తరుగుతూ వింటుంది. పదిమందిలో కూర్చుని వినాలి తను," అంది వదిన.

వంటింట్లో నిలబడే చదివాను. ఇరవయ్యేళ్ళుగా రాస్తున్నా నాకొక్కనాడూ అలాంటి కథ పడలేదు. కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. చాలా బాగుందని చెప్పి, వదిన పేరు చివర వేశాను. అది చాలక, మాట్లాడి కూర్చోబోతున్న ముఖ్య అతిథిని, "మరో రెండు మాటలు చెప్పండి సార్" అని మళ్ళీ లేపాను.

వదిన మైకు ముందుకి వచ్చేసరికి పావుతక్కువ ఐదు. కథ చదవడానికి ఏడు నిమిషాలు పడుతుంది.

"మా అమ్మ కుడిచేతి చూపుడువేలికి గోరు లేదు. ఎలా పోయిందమ్మా అని అడిగితే ఎప్పుడూ చెప్పలేదు."

ముందు వరసలో ఆవిడ తన వేలు చూసుకుంది. నేను లేచి మైకు అందుకున్నాను. "సారీ వదినా, టైమ్ అయిపోయింది. లైబ్రరీవాళ్ళు ఊరుకోరు. మిగతాది మ్యాగజైన్‌లో చదువుకుంటారులే." అని, వందన సమర్పణ మొదలుపెట్టి, సమోసాలు తెచ్చినవాళ్ళతో సహా అందరి పేర్లూ చదివాను. పన్నెండు నిమిషాలు పట్టింది.

పార్కింగ్ లాట్‌లో ఆ అమ్మ కూతుర్ని అడిగింది. "అంతేనా అమ్మా కథ?"

"అంతేనమ్మా."

"చిన్నదైనా బాగుంది. నా వేలి సంగతి ఎంత గుర్తుందే నీకు!"

నాకు నవ్వొచ్చింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ ముచ్చట రెండు మూడు ఇళ్ళలో భోజనాల దగ్గర చెప్పి నవ్వించాను కూడా. కథ అచ్చెయ్యొద్దని వదిన మర్నాడే మెసేజ్ పెట్టింది. ఆ పేజీల్లో నా కథ వేసుకున్నాను. ఆ చలికాలమే వాళ్ళమ్మ పోయింది. వదిన మళ్ళీ రాయలేదు.

చాలా ఏళ్ళకి, ధైర్యం చేసి అడిగాను, ఆ బుధవారం లోపల ఇంట్లోనైనా అమ్మకి చదివి వినిపించి ఉండొచ్చు కదా అని. వదిన గిన్నెలు సర్దుతూ మామూలుగానే చెప్పింది.

"ఇంకా ఉందంటే, మరి అక్కడెందుకు చదవనివ్వలేదని అడిగేది. మా ఆడపడుచుకి ఇష్టం లేకపోయిందని ఎలా చెప్పను? నువ్వంటే అమ్మకి చాలా గౌరవం."

కాలం ఎవరికోసమూ ఆగదని పెద్దలంటారు గానీ, ఆ సాయంత్రం దానికేం తొందర లేదు, తొందరంతా నాదే.