రాకాసి గుళ్ళు కట్టిందెవరు

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో యూనికి, అంటే యూనివర్సిటీకి, వెళ్ళే రోజుల్లో ఒక వ్యాసంలో ఘోరంగా దెబ్బతిన్నాను. ఇంగ్లండులోని పెద్ద రాళ్ళ వలయాన్ని డ్రూయిడ్లనే పాతకాలపు పూజారులే కట్టారని నాలుగు పేజీలు ధీమాగా రాశాను. లెక్చరరమ్మ చివర ఎర్ర సిరాతో ఒక్క మాటే రాసింది: "నీకెలా తెలుసు?" డ్రూయిడ్ల పేరు వినబడడానికి ఎన్నో శతాబ్దాల ముందే ఆ రాళ్ళు నిలబడ్డాయట. వారం తర్వాత క్లాసు ముందు మాట్లాడి ఒప్పిస్తే పాస్, లేకపోతే ఆ సబ్జెక్టు మళ్ళీ మొదటి నుంచి. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రం పప్పుకి తాలింపు పెడుతూ నా రూమ్మేట్, నర్సింగ్ చదివే నెల్లూరు అమ్మాయి, అడిగింది.

"మీ ఊరి గుట్ట మీదా బండలతో కట్టినవి ఉండాయన్నావు గదే. అవెవురు కట్టారంట?"

"రాకాసి గుళ్ళా? రాక్షసులు కట్టిన్రంటరు మావోళ్ళు. అంత పెద్ద బండలు మనుషులు లేపలేరని."

"నువ్ బిలీవ్ చేస్తావా?"

"పిచ్చా నీకు? అవి పాతకాలపోళ్ళ సమాధులు."

అనేసి అక్కడే ఆగిపోయాను. నా వ్యాసంలో తప్పేమిటో అప్పుడు కనబడింది. సంతోషం పట్టలేక ఆమెను పట్టుకుని ఊపేశాను. తాలింపు మాడింది.

క్లాసులో మా గుట్ట ఫోటో తెర మీద వేశాను. కట్టినవాళ్ళ పేరు మరుగున పడితే, తర్వాత వచ్చినవాళ్ళు తమకు తెలిసిన పేరు తగిలిస్తారు. మేము రాక్షసులను తగిలించాం, వాళ్ళు డ్రూయిడ్లను తగిలించారు అన్నాను. డ్రూయిడ్ పచ్చబొట్టు వేయించుకున్న ఒకతను వెనక నుంచి లేచాడు.

"అయితే డ్రూయిడ్లు అక్కడ పూజలే చేయలేదంటావా?"

"చేసి ఉండొచ్చు. వానొస్తే మా మేకల కాపరులు రాకాసి గుళ్ళలో దూరతారు. అంతమాత్రాన అవి వాళ్ళు కట్టినట్టా?"

క్లాసంతా నవ్వింది, అతనూ నవ్వాడు. లెక్చరరమ్మ మాత్రం నవ్వలేదు.

"మరి ఆ వలయం కట్టినవాళ్ళు ఏ దేవుణ్ణి కొలిచారు?"

పాత వ్యాసంలోని జవాబు నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

"తెలియదు మేడమ్," అన్నాను. అక్కడ లెక్చరర్లను ఎవరూ అలా పిలవరు, నాకు మాత్రం ఆ అలవాటు పోలేదు. "నాకే కాదు, ఇంతవరకు ఎవరికీ తెలియదు."

ఆమె పెన్ను మూత తీసి, నా పేరు ఎదురుగా పాస్ అని రాసింది. తెలియదని చెప్పి గెలవడం నాకదే మొదటిసారి.