గుండీల తాత

చొక్కా తొడుక్కునేటప్పుడల్లా బొబ్బిలిలో గుండీలు కుట్టే తాత గుర్తొస్తాడు. చూపు లేదు. ఎవరు పలకరించినా ముందు వాళ్ల చొక్కా గుండీలు తడిమి, వదులైనదాన్ని పట్టేసేవాడు.

నేను బస్సు టికెట్ల యాప్ చేసిన కొత్తలో, "ఒక్క ఫిర్యాదూ రాలేదు తాతా" అని గొప్పలు పోతూ తాత ఫోన్లో వేశాను. తాకినదాని పేరు చదివి వినిపించే ఫోను అది. తాత ఎక్కడ తాకినా "బటన్, బటన్" అంటుందే తప్ప పేరు చెప్పదు. పేర్లు నేను రాస్తే కదా!

"గుండీలు సానా ఉన్నాయి గానీ, సొక్కా ఏదిరా?" అన్నాడు.

వారం తర్వాత పేర్లన్నీ రాసి తెచ్చాను. ఫోను "ఊరు", "తేదీ", "సీటు" అని వరసగా చదివి, చివర మళ్లీ ఉత్త "బటన్" అంది.

"ఒరే, ఈ గుండీ ఊడిపోనాది. ఏటిది?"

చూసి నాలిక్కరుచుకున్నాను. అది ఫిర్యాదు చెయ్యడానికి పెట్టిన బటన్.