హనుమన్న సరిచేసిన సర్ఫ్ బోర్డు

మా ఆత్మకూరులో సముద్రాన్ని కళ్లారా చూసినవాళ్లు తక్కువే. అలాంటి ఊళ్లో కూర్చుని, సముద్రపు అలలెక్కి తిరిగే సర్ఫ్ బోర్డు చేశాడు మా హనుమన్న. చేస్తే చేశాడు, నమూనాలో తప్పులున్నాయని వాటిని సరిచేశాడు కూడా. నా గొడవంతా ఆ సరిచేయడం గురించే.

హనుమన్న వడ్రంగి. విత్తనాలు వేసే గొర్రు చేయడంలో ఈ చుట్టుపక్కల ఎవరైనా ఆయన తర్వాతే. గొర్రు పళ్లు సమానంగా, తిన్నగా లేకపోతే పొలంలో చాళ్లు వంకరపోతాయి. అందుకే వంకర కనబడితే ఆయన ప్రాణం విలవిల్లాడుతుంది. పెళ్లి భోజనాల్లో కుర్చీల వరస కాస్త అటూ ఇటూ అయినా, లేచి సర్దితే గాని విస్తరి ముందు కూర్చోడు. ఇప్పుడు ట్రాక్టర్ల వెనక ఇనప గొర్రులు వచ్చాయి. హనుమన్నకు మంచం కోళ్లు, తలుపు గడియలు మిగిలాయి. అంగడి అద్దెకిచ్చేద్దామని భార్య సుబ్బక్క రోజూ పోరుతోంది.

నాది పక్క అంగడి. పగిలిన ఫైబర్ ట్యాంకులకు అతుకులు వేస్తుంటాను.

హనుమన్న చెల్లెలి కూతురు శివాని నెల్లూరులో నర్సు. సెలవు దొరికితే చాలు, సముద్రానికి పోయి సర్ఫింగ్ చేస్తుంది. ఒకరోజు ఫోన్ చేసింది. "మామా, నా బోర్డు ఇరిగిపోయింది. ముక్కలు పంపిస్తాండా. చెక్కతో అచ్చం అట్లే చెయ్యల్ల."

ముక్కలు వచ్చాయి. హనుమన్న వాటిని బల్ల మీద పరిచి, ఒక కన్ను మూసి చూసి, మొహం చిట్లించాడు. బోర్డు అడుగున, నడుమ సన్నటి పల్లం ఉంది. తోక దగ్గర చేప రెక్కల్లాంటి ఫిన్లు మూడు. నడిమిది తిన్నగానే ఉంది. పక్కల ఉన్న రెండూ ముందువైపు కొంచెం లోపలికి తిరిగి ఉన్నాయి.

"చూసినావా కేశవా? ఎవడో చేతగానోడు చేసినాడు. అడుగు లోపలికి గుంజుకోనుండాది. ఈ ఫిన్లు చూడు, దేని దారి దానిదే."

"అచ్చం అట్లే చెయ్యమనింది కదన్నా!"

"పాపకేం తెలుసప్పా? వంకరది చేసిస్తే నా పేరేం గాను? నేను చేసేది అల మీద సరిగ్గా పోతే సరి. పోకపోతే ఉలి అటకెక్కిస్తా. అంగడి సుబ్బక్క ఇష్టం."

నాకు ఒళ్లు మండింది. ఈ మనిషి సముద్రాన్ని టీవీలో తప్ప చూడలేదు. అయినా ఆయనతో వాదించి గెలిచినవాళ్లెవరు? తేలికైన మలబార్ వేప పలకలు తెచ్చి, అతికి, చిత్రిక పట్టి, అడుగును అద్దంలా చదును చేశాడు. మూడు ఫిన్లనూ గొర్రు పళ్లలా తిన్నగా బిగించాడు. పైన నేను ఫైబర్ గుడ్డ పరిచి, ఆరితే గట్టిపడే రెసిన్ జిగురు పూశాను. నిజం చెప్పాలి, చూడ్డానికి ముచ్చటగా ఉంది.

దాన్ని నా బొలెరోలో వేసుకుని ఇద్దరం నెల్లూరు పక్క సముద్రానికి పోయాం. పొద్దున అలలు మోకాలెత్తు కూడా లేవు. శివాని బోర్డెక్కి నిలబడి, నవ్వుతూ నేరుగా ఒడ్డుకొచ్చింది. హనుమన్న పంచె తడవనంత దూరంలో నిలబడి, నా వైపు తిరిగి, "ఏమప్పా కేశవా?" అన్నాడు. మధ్యాహ్నం భోజనం చేస్తున్నంతసేపూ ఆ మాటే. పెరుగన్నం కూడా నన్ను తిన్నగా తిననివ్వలేదు.

సాయంత్రానికి అలలు మనిషెత్తు లేచాయి. శివాని పక్కకు తిప్పాలని వాలింది. బోర్డు ఆమె మాట వినలేదు. నేరుగా కిందికి దూకి, ముక్కు నీళ్లలో గుచ్చుకుంది. ఎన్నిసార్లు ఎక్కినా అంతే. ఆఖరికి బోర్డొక్కటే కొట్టుకొచ్చి హనుమన్న కాళ్ల దగ్గర ఆగింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

శివాని రొప్పుతూ వచ్చి పక్కన కూలబడింది. "మామా, చిన్న అల మెల్లగా తోస్తాది. దానికి చదును అడుగు శానా బాగుండాది. పెద్ద అల గోడ మాదిరి లేస్తాది. నేరుగా దిగితే పడేదే. అడ్డంగా పరిగెత్తల్ల. పక్కకు వాలినప్పుడు ఆ పక్క ఫిన్ను మీదనే బరువంతా. అది లోపలికి చూస్తాంటేనే బోర్డు తిరిగేది. అడుగున పల్లముంటే నీళ్లు ఆ నడుమ పారి పట్టు దొరుకుతాది."

పొద్దుటి నుంచి దెప్పడానికి కాచుకునే ఉన్నాను గానీ, ఆయన్ని అలా చూస్తే జాలేసింది. హనుమన్న ఇసుకలో వేలితో ఒక చాలు గీశాడు. చివరిదాకా పోయి వేలెత్తాడు. పక్కన ఇంకో చాలు మొదలుపెట్టబోయి ఆగాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"గొర్రునయితే చాలు కొసన ఎత్తి తిప్పుతాం కేశవా! అల మీద దీన్ని ఎవరప్పా ఎత్తేది?"

అటకెక్కిస్తానన్న ఉలి సంచిలోనే ఉంది. అక్కడే, ఇసుకలో బోర్డు బోర్లించి పక్క ఫిన్లు ఊడదీశాడు. కానీ వంకరగా పెట్టడానికి ఆయన చేయి రాదే! అలవాటు కొద్దీ తిన్నగా పెట్టడం, తనను తానే తిట్టుకుని తీయడం. చివరికి మేం వెంట తెచ్చిన పాత బోర్డు ముక్కను శివాని పక్కన పట్టుకుంటే, దాన్ని చూస్తూ రెండింటినీ లోపలికి తిప్పాడు. నేను బొలెరోలోంచి రెసిన్ తెచ్చి పోశాను. "అడుగు చదునుదే పాపా. ఈడ దాన్నేం చెయ్యలేను," అన్నాడు మెల్లగా.

మర్నాడు పొద్దున కూడా అలలు పెద్దవే. శివాని లేచి నిలబడింది, వాలింది. బోర్డు కొంచెం జారింది. జారి, తిరిగింది. తిరిగి అల పొడవునా పరిగెత్తింది.

"తిరిగిందప్పా! తిరిగింది!" హనుమన్న పంచెతో సహా నీళ్లలోకి ఉరికాడు. అల ఒక్క తోపు తోసి కింద పడేసింది. ఉప్పునీళ్లు ఉమ్మేస్తూ లేచి, మళ్లీ అదే కేక. నేనూ గంతులేశాను, ఎవరు చూస్తే నాకేం?

పెద్ద అలల కోసమని ఇప్పుడు అడుగున పల్లం చెక్కి ఇంకో బోర్డు చేస్తున్నాడు. సుబ్బక్క అద్దె మాట ఎత్తడం మానేసింది.

మొన్న ఓబుళేశు వచ్చాడు. ఇంకా ఎద్దులతోనే సేద్యం చేసే రైతు. చెక్క గొర్రు కావాలన్నాడు. హనుమన్న అతన్ని ఎగాదిగా చూసి అడిగాడు:

"ఏమప్పా ఓబుళేశూ, చాలు కొసన దీన్ని ఎత్తి తిప్పుతావా, ఎత్తకుండానే తిప్పుతావా?"

ఈయనకేమైందన్నట్టు ఓబుళేశు నా వైపు చూశాడు. "ఎత్తే తిప్పుతాన్నా. ఇన్నేండ్లుగా చేసిస్తాండావు, నీకు తెలీదా?"

"తెలుసు. అయినా అడగల్ల కదప్పా," అంటూ హనుమన్న ఉలి అందుకున్నాడు.