డెబ్బై అంకె, పిడికెడు మన్ను

షేర్ల సంగతి పల్లె ముసలోళ్లకు తెలీదని ఎవరు రాసిపెట్టినారో నాకు తెలియదు. బడిలో నేను చదివింది ఐదో తరగతే. ఆ తర్వాత చదువంతా బొరుగుల పొట్లాలు కట్టిన పేపర్లలో, కళ్యాణదుర్గం బస్సులో పక్కవాని భుజం మీదుగా. ఈ మధ్య ఫోన్లో. ఆర్‌ఎస్‌ఐ అంటే ఏందో నాకు నేనే నేర్చుకున్నాను. ఒక షేరును జనం ఎంత ఎగబడి కొంటాండారో, ఎంత బెదిరి అమ్ముతాండారో సున్నా నుంచి నూరు లోపల చూపించే అంకె అది. ముప్పై కిందికి పడితే కొను, డెబ్బై దాటితే అమ్ము. ఇంతే కదా! దీనికి టై కట్టుకోవాలా?

పోయినేడు ఎండాకాలంలో, విత్తనం శెనక్కాయలకని దాచిన దుడ్లు తీసుకుపోయి ఒక మోటార్ల కంపెనీ షేరులో పెట్టినాను. దాని అంకె అప్పుడే ముప్పై కిందికి దిగింది.

"ఇంత పడినాక లేవక యాడికి పోతాది?" అని మా ఆమెతో అన్నాను.

ఆమె చేటలో కందులు చెరుగుతూ తలెత్తలేదు. "మూడేండ్లు ఎండింది, నాలుగో ఏడు పండక యాడికి పోతాదని కూడా నువ్వే అన్నావు. పండిందా?"

నాకు కోపమొచ్చింది. మాట నిజమైతే కోపం ఇంకా ఎక్కువ వస్తాది. కింద పడినది లేచి తీరాలన్న చట్టమేమీ లేదని కరువులో పుట్టినోనికి ఒకరు చెప్పాలా? అయినా మేము ఏటా విత్తేది ఆ నమ్మకంతోనే. దాన్నే ఫోన్లోకి మోసుకుపోయినాను.

అంకె ఇంకా దిగింది. దిగినన్నాళ్లూ మా ఇంట్లో నా గ్లాసులో మజ్జిగ పలచబడింది. తర్వాత మెల్లగా లేచింది. మృగశిర కార్తెకు అరవై ఆరు! షేరు నేను కొన్న ధర దాటింది. మజ్జిగ చిక్కబడింది, నేను మీసం దువ్వినాను.

అంతలో ఒక బుధవారం సాయంత్రం మంచి వాన పడింది. గురువారం పొద్దున్నే ఆమె అరుగు మీద నా ఎదురుగా నిలబడింది.

"ఈ దినం అమ్మితే దుడ్లెప్పుడొస్తాయి?"

"రేపు."

"రేపు అమ్మితే?"

"నడుమ శని, ఆదివారం సెలవు. సోమవారం. కానీ డెబ్బై దాటనీవే, ఇంకొంచెమే ఉండాది!"

ఆమె నేరుగా చేనికి పోయింది. వచ్చి నా ఫోన్ పక్కన పిడికెడు ఎర్రమన్ను పెట్టింది. వేళ్ల అచ్చులతో ముద్ద చెదరకుండా నిలిచింది. మన్నులో విత్తేంత తడి, పదును ఉండాదో లేదో మావాళ్లు చూసేది అట్లే.

"తడి ఆరగొట్టే గాలి మొదలైంది. నీ డెబ్బై వచ్చేదాకా ఈ మన్ను ఆగుతాదేమో అడిగి చెప్పు."

"ఇదేం శాస్త్రం?"

"మా నాయన నేర్పినాడు. నీకెవరు నేర్పినారు?"

"నేనే నేర్చుకున్నా!"

"అదే కనపడతాండాది."

అమ్మినాను. తిట్టుకుంటానే అమ్మినాను. శుక్రవారం విత్తనాలు తెచ్చి, శనివారం విత్తేసినాము.

సోమవారం అంకె డెబ్బై మూడు. షేరు ఎగిరి కూర్చుంది. ఫోన్ పట్టుకొని చేనికి ఉరికినాను. "చూడు! నేను చెప్పలా?"

ఆమె తీరిగ్గా చూసింది. "బాగుండాది. ఈ దినం అమ్మింటే ఎల్లుండి విత్తుతాంటివి." గట్టు పక్కన విత్తకుండా మిగిలిన చోట వంగి పిడికెడు మన్ను తీసి, నా అరచేతిలో పోసింది. వేళ్ల సందుల్లోంచి పొడిపొడిగా జారిపోయింది. "ఇందులో విత్తు."

మళ్లీ వాన చానా దినాలకు గానీ రాలేదు. అప్పటికి మా చేను పచ్చగా నిలబడి ఉండాది.

ఇప్పటికీ డెబ్బై దాటినాకే అమ్మాలనేది నా వాదం. నా అంకె తప్పలేదు, ఎవరొచ్చి అడిగినా చెప్తాను. కాకపోతే ఈ ఏడు విత్తనాల దుడ్లు ఆమె ట్రంకుపెట్టెలో ఉండాయి. తాళంచెవి ఆమె నడుముకు ఉండాది.