డిశ్చార్జ్ అన్న మంచి మాట

ఎల్బీ నగర్ మెట్రో మెట్లు దిగితే సాయంత్రాలు రోడ్డు పక్కన ఆడవాళ్లు వరసగా కూర్చుని జొన్నరొట్టెలు కాలుస్తుంటారు. పెనం మీద పిండి మాడే ఆ వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, దిల్‌సుఖ్‌నగర్‌లో మేము కిరాయికున్న ఇల్లూ, ఆ ఇంటావిడ యాదమ్మ ఆంటీ గుర్తొచ్చి, ఎవరో వెనకనుంచి పిలిచినట్టు గబగబా నడుస్తాను.

భీమవరం నుంచి వచ్చిన మేము కింది వాటాలో ఉండేవాళ్లం, నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఆంటీ వాళ్లు పై వాటాలో ఉండేవాళ్లు. బతుకమ్మ రోజుల్లో డాబా అంతా తంగేడు, గునుగు పూలు పరుచుకుని, రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద ముద్దలు మాకు పంపేది ఆంటీ. మేమిచ్చిన అరిసెలు కొరికి, "గట్టిగున్నయి గని మంచిగున్నయి" అనేది.

మా అమ్మకు తథాస్తు దేవతలంటే హడల్. చావు, రోగం, నష్టం, ఏదీ ఇంట్లో తెలుగులో అననిచ్చేది కాదు. "ఇంగ్లీషులో అనవే, వాళ్లకది రాదు" అనేది. అందుకే మా ఇంట్లో ఎవరూ చనిపోయేవారు కాదు, ఎక్స్‌పైర్ అయ్యేవారు. వ్యాపారాలు మునిగేవి కావు, లాసులో ఉండేవి. విరేచనాలు సైతం మోషన్సే. ఇంగ్లీషు మీడియం పిల్లను కదా, కొత్త మాటలు వెతికిపెట్టే పని నాది. నాన్న ఉద్యోగం ఊడినప్పుడు "బ్రేక్ తీసుకున్నారు" అని చెప్పమన్నది నేనే. అమ్మ ముద్దు పెట్టుకుంది. నా అంత తెలివిగలది వీధిలో లేదనుకున్నాను.

ఒక ఎండాకాలం ఆంటీ భర్త, లారీ నడిపే నర్సింహ అంకుల్, లివర్ చెడి దవాఖానలో పడ్డాడు. కొడుకు తోడున్నాడు, ఆ రోజు బట్టలుతుక్కోవడానికి ఆంటీ ఇంటికొచ్చింది. ఫోను మా వాటాలోనే ఉండేది. అమ్మ రైతుబజారుకెళ్లిన సమయంలో అది మోగింది. వాళ్లబ్బాయి. "చెల్లె, ఇగ లాభం లేదంట, ఇంటికి తీస్కపొమ్మన్నరు. అమ్మను జల్ది రమ్మను."

మెట్లెక్కుతూ మాట వెతుక్కున్నాను. సీరియస్ అంటే ఆంటీకి తెలిసిపోతుంది. పై మెట్టు మీద దొరికింది. "అంకుల్‌ని డిశ్చార్జ్ చేస్తున్నారంట ఆంటీ, మిమ్మల్ని రమ్మన్నారు."

ఆంటీ మొహం విప్పారింది. "నిజమా బిడ్డ? ఇంటికే ఒస్తుంటె ఇగ నేనెందుకు పోవుడు? ఎన్ని దినాలాయెనో కడుపునిండ తినక, జర వండి పెడ్త."

పొరపాటు జరిగిందని అప్పుడే తెలిసింది. తెలుగులో చెప్పడానికి నోరు రాలేదు. ఆంటీ గడప కడిగింది, చింతచిగురు పప్పులో వేసింది, పాట పాడుకుంటూ రొట్టెలు చరిచింది. మొదటి రొట్టె నాకే పెట్టింది. తిన్నాను.

ఆటో వచ్చేసరికి అంకుల్ లేడు. మలక్‌పేట దాటకముందే ప్రాణం పోయిందట. "మీ అమ్మేది, మీ అమ్మేది అని అడుగుతనే ఉన్నడు" అన్నాడు కొడుకు. ఆంటీ చేతులకింకా జొన్నపిండి ఉంది.

దినాలయ్యాక ఒకరోజు నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. "బిడ్డ, డిశ్చార్జ్ అంటె అసలు ఏందమ్మ?"

"ఇంటికి పంపించడం, ఆంటీ."

"అయితే నువ్వు మంచిగనే చెప్పినవ్. నాకే సమజ్ కాలే." నా తల నిమిరింది. తిట్టి ఉంటే బాగుండేదని ఇన్నేళ్లుగా అనుకుంటున్నాను.

ఆ ఇల్లిప్పుడు కోచింగ్ పిల్లల హాస్టల్. డాబా మీద పూలు లేవు, వాటర్ ట్యాంకులున్నాయి. ఆంటీ వాళ్లు అమ్ముకుని ఎటు వెళ్లారో చెప్పేవాళ్లు లేరు. పోయినేడు మా అమ్మ విషయంలో డాక్టరు పెదవి విరిచినప్పుడు, భీమవరంలో పిన్నికి ఫోన్ చేసి, "అమ్మ బతకదు పిన్నీ, ఇప్పుడే బయల్దేరు" అన్నాను. పిన్ని దొరికిన బస్సెక్కి వచ్చింది. చివరిదాకా అమ్మ చెయ్యి పట్టుకునే కూర్చుంది.

"అంత మాట నోటితో ఎలా అనగలిగావే?" అని ఇప్పటికీ దెప్పుతుంది. పిన్నికి దక్కిన ఆ కాసేపు, యాదమ్మ ఆంటీకి నావల్లే దక్కలేదు.